ఊపిరితిత్తుల్లో ప్రెజర్ ఉందన్నారా? మందులు ఇంట్లో సరిగ్గా ఎలా వాడాలి

"అన్నా, మా నాయనకు ఊపిరితిత్తుల్లో బీపీ ఉందంట. ఎకోలో రాసినారు. దానికి ఒక మాత్ర ఉంటుందంట కదా, అది ఇయ్యి."

కర్నూలు పెద్దాసుపత్రికి దగ్గర్లో మందుల షాపు నడుపుతున్నాను. ఈ మాట వారానికి రెండు మూడు సార్లయినా వింటాను. అడిగేవాళ్లలో బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాయి పాలిష్ మిషన్ల దగ్గర ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్ల పిల్లలు ఉంటారు. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో దూది దుమ్ము పీల్చినవాళ్లు ఉంటారు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండిన అమ్మలు, బీడీ మానలేని పెద్దాయనలు, ఎప్పుడో వచ్చిన టీబీ తగ్గినా ఒక వైపు ఊపిరితిత్తి ముడుచుకుపోయినవాళ్లు కూడా వస్తారు. తాడిపత్రి, ఎర్రగుంట్ల నుంచి ఫోన్లు చేసేవాళ్ల ప్రశ్న కూడా ఇదే.

కౌంటర్ దగ్గర నిలబెట్టి రెండు నిమిషాల్లో చెప్పే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. నేను ఫార్మసిస్టును, డాక్టరును కాను. ఏ మందు, ఎంత డోసు అనేది మీ డాక్టరు నిర్ణయించాలి. రాసిచ్చిన మందు ఒంటికి సరిగ్గా చేరుతోందా లేదా అన్నది మాత్రం ఇంట్లోవాళ్ల చేతిలో ఉంటుంది. ఎక్కువ తప్పులు జరిగేది కూడా అక్కడే.

జబ్బు గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు. గాలి ఆడని చోటికి రక్తం పంపినా లాభం లేదు కాబట్టి ఊపిరితిత్తి అక్కడి రక్తనాళాలను తనంతట తానే బిగిస్తుంది. జబ్బు ముదిరి చాలా చోట్ల ఇలా బిగుసుకుంటే గుండె కుడివైపు రక్తాన్ని గట్టిగా తోయాల్సి వస్తుంది. అలా పెరిగేదే ఈ ప్రెజర్. కుడి గుండె అలసిపోతే కాళ్లకు నీరు దిగుతుంది. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. ఆ బీపీ మాత్రలతో ఇది తగ్గదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎకో (గుండె స్కానింగ్), సీటీ స్కాన్, ఊదుడు పరీక్ష (స్పైరోమెట్రీ) రిపోర్టులు, పాత చీటీలన్నీ
- వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్
- బరువు చూసే మిషన్
- పంప్ ఇన్‌హేలర్ వాడేవాళ్లకు స్పేసర్ (పంప్‌కు తగిలించే ప్లాస్టిక్ బుడ్డి)
- ఒక నోటుబుక్కు, పెన్ను
- ఆక్సిజన్ రాసి ఉంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసే కాన్సన్‌ట్రేటర్, దానికి తోడు కరెంటు పోయినప్పటికి ఒక సిలిండర్

1. ముందు జబ్బు పేరు రాబట్టండి

"లంగ్ ప్రెజర్" అనేది జబ్బు పేరు కాదు, జబ్బు తెచ్చిన ఫలితం. బీడీ, పొగ వల్ల వచ్చే సీఓపీడీయా, ఊపిరితిత్తులు గట్టిపడే ఐఎల్‌డీయా, రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిసా, టీబీ తర్వాత మిగిలిన మచ్చలా? దేనికి దాని మందు ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మూడు అడగండి:

- ఈ ప్రెజర్ ఊపిరితిత్తుల జబ్బు వల్లే వచ్చిందా, గుండె ఎడమవైపు లోపం వల్లా, రక్తనాళాల్లో ఇరుక్కున్న పాత రక్తపు గడ్డల వల్లా? గడ్డలే కారణమైతే వైద్యం పూర్తిగా మారిపోతుంది. రక్తం పల్చబడే మందులు, కొందరికి ఆపరేషన్ కూడా ఉంటాయి.
- ఊపిరితిత్తులు ఎంత చెడ్డాయో దానికి తగ్గంతే ప్రెజర్ ఉందా, లేక జబ్బు కొంచెమే ఉండి ప్రెజర్ మాత్రం మరీ ఎక్కువగా ఉందా?
- రాత్రి నిద్రలో ఆక్సిజన్ పడిపోతోందా? గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఉందా?

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇంటర్నెట్‌లో "20 దాటితే జబ్బు" అని చదివి, ఎకోలో 45 చూసి హడలిపోయి వస్తారు. ఆ 20 అనేది గుండెలోకి సన్నని గొట్టం పంపి కొలిచే సగటు ప్రెజర్. ఎకోలో రాసేది గుండె నొక్కినప్పటి పై అంకె, అది కూడా అంచనాయే. రెండూ ఒకటి కావు. సీఓపీడీతో ఛాతీ ఉబ్బినవాళ్లలో ఎకోకు గుండె సరిగ్గా కనపడదు కూడా.

గొట్టం పరీక్ష అందరికీ అక్కర్లేదు. ప్రెజర్ బాగా ఎక్కువగా ఉండి ప్రత్యేక మందులు ఆలోచిస్తున్నప్పుడే పంపుతారు. మనవాళ్లు కడప నుంచి తిరుపతి స్విమ్స్‌కో వేలూరుకో, కర్నూలు నుంచి హైదరాబాద్ నిమ్స్‌కో, అనంతపురం నుంచి బెంగళూరుకో వెళ్తుంటారు. వెళ్లే ముందు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వర్తిస్తుందో ఇక్కడి ఆస్పత్రి హెల్ప్‌డెస్క్‌లోనే కనుక్కోండి.

2. మందుల సంచి బోర్లించండి

ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి, మోకాళ్ల నొప్పికి తెచ్చుకున్నవి, నిద్రకు వేసుకునేవి ఒక పళ్లెంలో పోయండి. వీటిని పక్కకు తీసి డాక్టరుకు చూపించండి:

- డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు. ఇవి ఒంట్లో నీరు ఆపుతాయి. ఒక చేత్తో నీరు తీసే లాసిక్స్ ఇచ్చి ఇంకో చేత్తో దీన్ని ఇస్తే కాళ్ల వాపు తగ్గదు. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో అడగండి.
- అమ్లోడిపిన్. బీపీకి మంచి మందే. కానీ మడమల దగ్గర వాపు తెస్తుంది. గుండె వాపు అనుకుని లాసిక్స్ పెంచుకుంటూ పోతారు. మీ అంతట మీరు ఆపొద్దు, మార్చవచ్చా అని అడగండి.
- ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు. ఊపిరి తీసుకునే వేగాన్ని తగ్గిస్తాయి.
- ప్రొప్రనాలాల్. చేతుల వణుకుకు, టెన్షన్‌కు ఇస్తుంటారు. పిల్లికూతలున్నవారికి గొంతుకు ఉరి బిగించినట్టు అవుతుంది.
- డెరిఫిలిన్. ఆయాసానికి ఇస్తుంటారు. మంచికీ చెడుకీ మధ్య దూరం తక్కువున్న మందు. సిప్రోఫ్లాక్సాసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ దీనికి తోడైతే రక్తంలో మోతాదు పెరిగి వాంతులు, గుండెదడ, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. బీడీ మానేసినా దీని మోతాదు పెరుగుతుంది. బీడీ మానిన వారంలో వాంతులు మొదలైతే "బీడీ మానినందుకే ఇట్లైంది" అనుకుని మళ్లీ మొదలుపెట్టినవాళ్లను చూశాను. తగ్గించాల్సింది డెరిఫిలిన్‌ను, అదీ డాక్టరుతో చెప్పి.
- బెట్నసోల్, వైసోలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు. ఆయాసం హఠాత్తుగా పెరిగినప్పుడు సాధారణంగా 5 రోజుల కోర్సు ఇస్తారు. అది సరైన వైద్యమే. కానీ ఆర్‌ఎంపీ ఒకసారి ఇచ్చిన స్ట్రిప్పు చూపించి నెలల తరబడి కొనుక్కుంటారు. షుగర్ పెరుగుతుంది, ఎముకలు బోలుపోతాయి, ఒంట్లో నీరు చేరుతుంది, పాత టీబీ మళ్లీ తిరగబడొచ్చు. నెలలుగా వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. మెల్లగా దించుకుంటూ రావాలి.

టీబీ మందుల కోర్సులో ఉంటే అది కచ్చితంగా చెప్పండి. రిఫాంపిసిన్ చాలా మందుల బలాన్ని తగ్గించేస్తుంది.

3. ఇన్‌హేలర్: సరిగ్గా పీలిస్తేనే మందు

సీఓపీడీలో ఊపిరి గొట్టాలు తెరుచుకుంటే గాలి ఆడుతుంది, గాలి ఆడితే బిగుసుకున్న నాళాలు కొంతైనా సడలుతాయి. కాబట్టి టియోవా, ఫోరాకార్ట్ లాంటి ఇన్‌హేలర్లు ప్రెజర్‌కు సంబంధం లేని మందులని పక్కన పెట్టొద్దు.

పంప్ అయితే ఇలా:

అ) మూత తీసి బాగా ఊపండి. కొత్తదైనా, చాలా రోజులు వాడనిదైనా ముందు రెండు మూడు సార్లు గాల్లోకి కొట్టండి.
ఆ) స్పేసర్‌కు తగిలించండి. నిటారుగా కూర్చుని ఊపిరి మెల్లగా పూర్తిగా వదలండి.
ఇ) స్పేసర్ మూతిని పళ్ల మధ్య పెట్టి పెదాలు మూయండి. ఒక్కసారే నొక్కండి.
ఈ) ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు మెల్లగా పీల్చండి. పది లెక్కపెట్టేవరకు ఊపిరి బిగబట్టండి. అంతసేపు ఆపలేనివాళ్లు స్పేసర్ లోపలే నాలుగైదు మామూలు ఊపిర్లు తీసినా సరిపోతుంది.
ఉ) రెండో పఫ్ ఉంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి తీసుకోండి.
ఊ) స్టెరాయిడ్ ఉన్న పంప్ అయితే నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి. లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది.

రెండు పఫ్‌లు వరసగా కొట్టి ఒకేసారి పీల్చడం, వేగంగా పీల్చేయడం, ఊపకుండా కొట్టడం ఎక్కువగా కనిపించే తప్పులు. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే లోపల మందు గోడలకు అతుక్కుంటుంది.

క్యాప్సూల్ పొడి రకానికి పద్ధతి తిరగబడుతుంది. అది మెల్లగా కాదు, గట్టిగా, లోతుగా లాగాలి. పీల్చాక క్యాప్సూల్ తీసి చూడండి. పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చండి. ఆ క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసినవాళ్లు నాకు ఏడాదికి ఇద్దరు ముగ్గురు తగులుతారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక్కసారి మీ కళ్లముందు తీసుకోమనండి. "తెలుసులేరా" అన్నా వినొద్దు.

ఐఎల్‌డీ ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్‌తో పెద్దగా ఉపయోగం ఉండకపోవచ్చు. వాళ్లలో కొందరికి పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ రాస్తారు. ఇవి ప్రెజర్‌ను దించవు, ఊపిరితిత్తి గట్టిపడే వేగాన్ని తగ్గిస్తాయి. పిర్ఫెనిడోన్ వాడేవారికి ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. మన ఎండలకు పూర్తి చేతుల చొక్కా, తలకు తువ్వాలు లేకుండా బయటికి పంపొద్దు. నింటెడానిబ్‌తో విరేచనాలు పడితే నీళ్లు, ఓఆర్ఎస్ తాగిస్తూ డాక్టరుకు ఫోన్ చేయండి. సిలికోసిస్‌ను వెనక్కి తిప్పే మందు లేదు. ఆ దుమ్ములోకి మళ్లీ వెళ్లకపోవడమే దానికి మొదటి వైద్యం.

4. ఆక్సిజన్: దీన్ని కూడా మందుగానే లెక్కపెట్టండి

నేను అందరికంటే ఎక్కువ పోట్లాడేది దీని గురించే. మాత్ర అడిగేవాళ్లు ఆక్సిజన్ అనగానే "అంటే ఇక చివరికొచ్చినట్టేనా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అది చివరి మెట్టు కాదు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన సీఓపీడీ వాళ్ల ఆయుష్షు పెంచినట్టు గట్టిగా రుజువైన కొద్ది వైద్యాల్లో ఇదొకటి. 1981లో బ్రిటన్‌లో 87 మంది మీద చేసిన పరిశోధన ఉంది. రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకున్న 42 మందిలో ఐదేళ్లలో 19 మంది పోయారు. పెట్టుకోని 45 మందిలో 30 మంది పోయారు. మనం వెతుకుతున్న ప్రెజర్ మందు చాలామంది విషయంలో ఇదే: గాలి అందితే నాళాలు బిగుసుకోవాల్సిన పని తగ్గుతుంది.

ఎవరికి? ధమని రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షలో ఆక్సిజన్ 55 లేదా అంతకంటే తక్కువ ఉన్నవారికి, లేదా కదలకుండా కూర్చున్నప్పుడు సాచురేషన్ (ఆక్సీమీటర్ చూపే ఆక్సిజన్ శాతం) 88 లేదా తక్కువ ఉన్నవారికి. కుడి గుండె దెబ్బతిన్నవారికి, రక్తం చిక్కబడినవారికి ఏబీజీలో 60 దాకా ఉన్నా ఇస్తారు. అంతకంటే బాగున్నవారికి ఊరికే పెట్టుకుంటే లాభం కనబడలేదు.

పద్ధతి:

అ) ఎన్ని లీటర్లు అనేది డాక్టరు రాసినంతే. గొట్టంలో గోలీ మధ్యభాగం గీత మీద ఉండాలి.
ఆ) రోజుకు కనీసం 15 గంటలు. రాత్రి నిద్ర గంటలు అందులో తప్పకుండా ఉండాలి. ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టి తీసేస్తే ప్రెజర్ మీద ఏమీ పనిచేయదు. నోటుబుక్కులో గంటలు రాయండి. రాస్తేనే తెలుస్తుంది, 15 అనుకున్నది 7 గంటలే అవుతోందని.
ఇ) సీఓపీడీ ఉంటే సాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంచడం లక్ష్యం. 98 రావాలని లీటర్లు పెంచొద్దు. కొందరిలో బొగ్గుపులుసు వాయువు ఒంట్లోనే నిలిచిపోయి పొద్దున్నే తలనొప్పి, మత్తు, తికమక మాటలు మొదలవుతాయి. కొడుకులు ప్రేమతో చేసే తప్పు ఇదే. అంకె 90 చూసి భయపడి 2 లీటర్లను 5కు తిప్పేస్తారు.
ఈ) గాలి వస్తోందా అని అనుమానం వస్తే ముక్కు గొట్టం కొనలను గ్లాసు నీళ్లలో ముంచండి. బుడగలు రావాలి.
ఉ) తేమ సీసాలో డిస్టిల్డ్ నీళ్లు, లేదా కాచి చల్లార్చినవి పోసి రోజూ మార్చండి. మన బోరు నీళ్లు పోస్తే నాలుగు రోజులకే తెల్లటి పొర గడుతుంది.
ఊ) ఫిల్టర్ వారానికోసారి కడిగి పూర్తిగా ఆరాకే పెట్టండి. మిషన్‌ను గోడకు ఒక అడుగు దూరంగా, గాలి ఆడే చోట ఉంచండి. చాలా మిషన్లు 40 డిగ్రీల లోపు వేడికే తయారైనవి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో పెడితే మొరాయిస్తాయి.

కరెంటు పోతే? 5 లీటర్ల మిషన్ దాదాపు 350 వాట్లు లాగుతుంది. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద, బ్యాటరీ బాగుంటే, సుమారు మూడు గంటలు. బీ టైప్ సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 2 లీటర్లయితే 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. మీ లీటర్లతో ఈ భాగహారం చేసి సిలిండర్ మీదే కాగితం అంటించండి.

హెచ్చరిక: ఆక్సిజన్ ఉన్న గదిలో బీడీ, అగరబత్తి, దీపం, గ్యాస్ పొయ్యి ఏవీ వద్దు. దేవుడి గది పక్కనే మంచం వేసే ఇళ్లు చాలా ఉన్నాయి, మంచం మార్చండి. ముక్కు ఎండిపోతుందని వాసెలీన్, కొబ్బరినూనె రాయొద్దు. నీటితో చేసిన జెల్ అడగండి.

ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొదలుపెట్టిన ఆక్సిజన్ జీవితాంతం ఉండాలని లేదు. రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించండి. కొందరికి తీసేయొచ్చు.

5. నీటి మాత్ర

లాసిక్స్ కాళ్ల వాపు తీస్తుంది, ప్రెజర్ కారణాన్ని తీయదు. పొద్దున వేసుకోవాలి. రెండో డోసు ఉంటే మధ్యాహ్నం మూడు గంటల లోపు. లేకపోతే రాత్రంతా లేవాల్సి వస్తుంది, చీకట్లో పడిపోతారు.

రోజూ పొద్దున్నే, మూత్రం పోసి వచ్చాక, ఏమీ తినక ముందు బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. డాక్టరుకు చెప్పండి. కాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి గుంట పడుతోందేమో చూడండి.

వాపు పూర్తిగా పోయి, నిలబడితే కళ్లు తిరుగుతూ, పిక్కలు పట్టేస్తుంటే మాత్ర ఎక్కువైనట్టు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు, వడదెబ్బ తగిలిన రోజు మాత్ర వేసుకునే ముందే ఫోన్ చేసి అడగండి. పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయించాలో కూడా అడిగి రాసుకోండి. కొబ్బరినీళ్లు, అరటిపండు అందరికీ మంచివి కావు. స్పైరనోలాక్టోన్ అనే మరో నీటి మాత్ర వాడుతున్నా, కిడ్నీలు బలహీనంగా ఉన్నా పొటాషియం ఎక్కువై గుండెకే ముప్పు.

ఉప్పు రోజంతటికీ ఒక చిన్న టీస్పూను లోపు. ఊరగాయ, అప్పడాలు, వడియాలు, బజారు మిక్చర్ అందులోనే లెక్క. సంగటిలోకి ఊరుబిండి బదులు ఉప్పు తగ్గించిన పప్పు పెట్టండి. పెద్దవాళ్లు గొడవ చేస్తారు, నిమ్మరసం పిండితే కొంత సర్దుకుంటారు.

6. అందరూ అడిగే ఆ మాత్ర

సిల్డెనాఫిల్, టాడలాఫిల్, బోసెంటాన్, ఆంబ్రిసెంటాన్, రియోసిగ్వాట్. ఊపిరితిత్తుల రక్తనాళాలకే సొంతంగా జబ్బు వచ్చిన మరో రకం ప్రెజర్‌కు ఇవి ప్రాణం నిలబెట్టే మందులు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల వచ్చిన మామూలు స్థాయి ప్రెజర్‌కు ఇవి వాడొద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఎందుకంటే, మొదట చెప్పిన ఆ బిగింపు. గాలి ఆడని భాగాల్లో నాళాలను ఊపిరితిత్తి కావాలనే మూసి ఉంచింది. మాత్ర వాటిని కూడా తెరిచేస్తుంది. రక్తం గాలి లేని చోటికి పోయి ఆక్సిజన్ అందుకోకుండానే తిరిగి వస్తుంది. ఎకోలో అంకె తగ్గొచ్చు, మనిషికి మాత్రం ఆయాసం పెరుగుతుంది.

మా నాయన విషయంలో ఇది కళ్లారా చూశాను. ఒక క్లినిక్‌లో ఎకో కాగితం మాత్రమే చూసి సిల్డెనాఫిల్ రాశారు. నేనే షాపులోంచి తెచ్చి ఇచ్చాను, ఒక్క ప్రశ్న అడగలేదు. కూర్చుని ఉంటే 91 ఉండే సాచురేషన్ మూడో రోజుకు 84కు దిగింది. మాత్ర వేసుకున్న గంటకు బాగా తక్కువ, తర్వాతి డోసు వేళకు కొంచెం మెరుగు. అలా రాసి చూపించాకే ఛాతీ డాక్టరు మాత్ర ఆపించారు. రెండు రోజుల్లో 90కి వచ్చింది. అప్పటినుంచి ఈ చీటీ వచ్చినప్పుడల్లా "ఊపిరితిత్తుల డాక్టరు చూశారా?" అని అడుగుతున్నాను. కోప్పడినా అడుగుతాను.

పరిశోధనల్లో కూడా ఇలాగే తేలింది. ఊపిరితిత్తులు గట్టిపడినవారికి ఆంబ్రిసెంటాన్, రియోసిగ్వాట్ ఇచ్చి చూస్తే మేలు కంటే కీడు ఎక్కువై పరీక్షలను మధ్యలోనే ఆపేశారు. పీల్చే ట్రెప్రోస్టినిల్ అనే మందు ఐఎల్‌డీతో వచ్చిన ప్రెజర్‌కు కొంత పనిచేసింది. 326 మందిపై చూస్తే 16 వారాల తర్వాత ఆరు నిమిషాల నడకలో దాదాపు 31 మీటర్ల తేడా వచ్చింది. అమెరికాలో 2021లో అనుమతి ఇచ్చారు. అదే మందును సీఓపీడీ వాళ్లకు ఇచ్చి చూసిన పరీక్షను కీడు కనబడి ఆపేయాల్సి వచ్చింది. వాట్సాప్‌లో "కొత్త మందు వచ్చింది" అని వస్తే ముందు అడగాల్సింది, అది ఏ జబ్బుకు అని.

కొద్దిమందికి మాత్రం, జబ్బు కంటే ప్రెజర్ చాలా ఎక్కువగా ఉన్నవారికి, గొట్టం పరీక్ష చేసి పెద్ద డాక్టర్లు సిల్డెనాఫిల్ ప్రయత్నిస్తారు. మీ ఇంట్లో అలా రాసి ఉంటే:

- మొదటి రెండు వారాలు మాత్రకు ముందు, మాత్ర తర్వాత గంటకు సాచురేషన్ రాయండి. 3-4 అంకెలు తగ్గి అలాగే ఉంటే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి.
- ఈ ప్రెజర్‌కు సాధారణంగా రాసేది 20 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. మగవారి సమస్యకు అమ్మేది 50, 100. మందు ఒక్కటే, మోతాదు వేరు. 20 దొరకలేదని 50 ఇస్తే తీసుకోవద్దు. అడగడానికి సిగ్గుపడి చీటీ దాచుకునే ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్నారు. ఇది ఊపిరితిత్తుల మందు, ధైర్యంగా అడగండి.
- సార్బిట్రేట్‌తో కలిపితే బీపీ పాతాళానికి పడిపోయి ప్రాణం పోవచ్చు. ఛాతీలో నొప్పి అంటే మన ఊళ్లలో ముందు నాలుక కింద పెట్టేది అదే. 108 సిబ్బందికి, ఆర్‌ఎంపీకి మొదటి మాటగా "సిల్డెనాఫిల్ వాడుతున్నారు" అని చెప్పండి. సిల్డెనాఫిల్ వేసి కనీసం 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు దాటాలి. పేషెంటు జేబులో చిన్న చీటీ రాసి పెట్టండి.
- రియోసిగ్వాట్, సిల్డెనాఫిల్ రెండూ ఎప్పుడూ కలపకూడదు.
- తలనొప్పి, ముఖం వేడెక్కడం మామూలే. చూపు ఒక్కసారిగా మందగిస్తే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి.
- బోసెంటాన్ అయితే నెలనెలా లివర్ పరీక్ష తప్పనిసరి. గర్భిణులు దాన్ని వాడకూడదు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు నమ్మకమైన గర్భనిరోధం లేకుండా వాడకూడదు.
- సరిపడుతున్న మాత్రను డబ్బుల్లేక ఉన్నట్టుండి ఆపేయొద్దు. అయిపోవడానికి పది రోజుల ముందే అడగండి. జన ఔషధి షాపులో కూడా కనుక్కోండి.

7. పనిచేస్తోందా? నోటుబుక్కు చెబుతుంది

సాచురేషన్ చూసే పద్ధతి: ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. వేలు వెచ్చగా ఉండాలి. గోళ్ల రంగు, నల్ల గోరింటాకు ఉంటే వేరే వేలు. పెట్టగానే కనిపించే అంకె కాదు, ఒక నిమిషం ఆగి నిలకడగా ఉన్న అంకె రాయాలి. రోజూ అదే వేలు, అదే వేళ. ముదురు రంగు చర్మం మీద ఈ మిషన్ అసలు కంటే కాస్త ఎక్కువ చూపించగలదు, కాబట్టి ఆక్సిజన్ ఇంకా మొదలుపెట్టనివారికి 89 కనబడితే బాగానే ఉందని వదిలేయొద్దు.

నడక పరీక్ష: డాక్టరు సరేనన్నాక, వారానికోసారి, ఇంకొకరు పక్కన ఉండగా, మిద్దె మీదో వరండాలోనో చదునైన చోట ఆరు నిమిషాలు. ఎన్ని చుట్లు తిరిగారు, అతి తక్కువ సాచురేషన్ ఎంత, ఎక్కడ ఆగారు రాయండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, 80కి దిగడం, వీటిలో ఏది జరిగినా ఆపేయాలి.

ఒక పేజీలో ఐదు గళ్లు చాలు: తేదీ, బరువు, కూర్చున్నప్పటి సాచురేషన్, ఆక్సిజన్ గంటలు, కళ్లె రంగు. ఆయాసం పెరిగి, కళ్లె ఎక్కువై పచ్చగా మారితే ఇన్ఫెక్షన్ మొదలైంది. ఒక్కో ఇన్ఫెక్షన్‌తో ప్రెజర్ మరింత పెరుగుతుంది. ఆదివారం అని ఆగొద్దు. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టరు చెప్పినట్టు వేయించండి.

8. నోటుబుక్కు పక్కన పడేసి 108కి ఫోన్ చేయాల్సిన వేళలు

- పెదాలు, గోళ్లు నీలంగా మారడం
- మత్తుగా పడి ఉండడం, పలకరిస్తే పొంతన లేని జవాబు
- స్పృహ తప్పడం, నడుస్తూ కుప్పకూలడం
- ఒక కాలు మాత్రమే వాచి, ఆయాసం హఠాత్తుగా రావడం: రక్తపు గడ్డ కావచ్చు
- దగ్గితే రక్తం
- రాసిన లీటర్ల ఆక్సిజన్ మీద కూడా సాచురేషన్ మామూలు కంటే 4 అంకెలు తగ్గి అరగంటకైనా పైకి రాకపోవడం

అంబులెన్స్ వచ్చేలోపు పడుకోబెట్టొద్దు, దిండ్లు ఆనించి కూర్చోబెట్టండి. ఆక్సిజన్ రాసినంతే పెట్టి ఉంచండి. మందుల సంచి, నోటుబుక్కు, చివరి ఎకో కాగితం ఒకే కవరులో వేసి తలుపు దగ్గర మేకుకు తగిలించి పెట్టుకుంటే ఆ హడావిడిలో వెతుక్కునే పని ఉండదు.